ఎఱుపు కనబడినపుడు



మా బంధువులలో నొక గృహిణికి చిరకాలముగా కీళ్లవాతము గలదు. నిరుడు ఆమెకు మూత్రము ఎఱ్ఱనై వచ్చెను. నొప్పి యేమియు లేదు. వేడి చేసినదని తలంచి సబ్జాగింజలు నానవైచి త్రాగెను, బార్లీనీళ్లు త్రాగెను. ఎఱుపు రెండు దినములలో తగ్గెను, మరల వచ్చెను. సిగ్గుచే మూడు మాసములు పెనిమిటికైనను చెప్పలేదు. మాతో చెప్పిన మఱునాడే వైద్యశాలకు తోడుగా పోతిమి. సన్నని గొట్టముతో లోపల చూచి, మూత్రాశయమున రాచపుండు గలదనిరి.

"పూర్వము సైక్లోఫాస్ఫమైడు వాడితిరా?" యని వైద్యుడడిగెను. ఆమెకు పేరు జ్ఞాపకము లేదు. ఇంట వెదకగా పండ్రెండేండ్లనాటి చీటి దొరికినది. వాతము రక్తనాళములకు ప్రాకినపుడు ప్రాణము నిలిపినది ఆ మందే. కాని యది శరీరమున మారగా అక్రోలీను అను పదార్థము పుట్టి, మూత్రముతో పోవుచు మూత్రాశయపు లోపొరను కాల్చును. మందు మానిన పదియేండ్ల పిమ్మటను ముప్పు మిగిలియుండును. కావున దీనిని వాడువారు, వైద్యుడు వారింపనియెడల, నీరు విశేషముగా త్రాగవలయును, మూత్రము బిగబట్టరాదు, మందు మానినను మూత్రపరీక్ష మానరాదు. నేడు కీళ్లవాతమునకు సాధారణముగా నిచ్చు మెతోట్రెక్సేటు వేఱు. ఈ భయముతో దానిని విడువవలదు. ఈ పుండునకు పొగాకు ముఖ్యకారణము. అడ్డపొగ త్రాగు అమ్మలు గమనింపవలయును.

చికిత్సయందొక చిక్కు గలదు. పుండు తీసిన తరువాత మరల పుట్టకుండుటకై పలువురకు బి.సి.జి. మందును వారమున కొకమారు చొప్పున ఆరు వారములు మూత్రాశయమున నింపుదురు. 1976లో కెనడా వైద్యులు ప్రకటించిన పద్ధతి యిది. అందున్నవి బ్రతికియున్న క్రిములు. వాతమునకై రోగనిరోధకశక్తి నణచు మందులు వాడువారికి అవి శరీరమంతట వ్యాపింపవచ్చును. మఱికొందరికి ఆ చికిత్సవలననే కీళ్లు వాచును. అందుచే వాతవైద్యుడును మూత్రవైద్యుడును కలసి యాలోచింపవలయును. ఒకరి మాట ఒకరికి చేర్చవలసినది మనమే. స్టెరాయిడు మాత్రలను మాత్రము తమంత తాము ఒక్కసారిగా మానరాదు, ప్రాణాపాయము.

మా బంధువునకు పుండు పైపొరలోనే యుండుటచే తీసివేసిరి. ఇపుడు మూడు మాసముల కొకమారు చూపించుకొనుచున్నది.

మా మనవి రెండే. పద్దుపుస్తకపు చివరి పుటయందు ఇంట నెవరు ఏ మందు ఏ సంవత్సరమున ఎన్ని నెలలు వాడిరో వ్రాసియుంచుడు. మూత్రమున ఎఱుపు ఒక్కమారు కనబడి పోయినను, ఆ వారముననే వైద్యునకు చూపించుకొనుడు.