మన ఆడియోకి ఆ 30 వేలు తీసుకోవద్దని మేం ఎందుకు అంటున్నామంటే



పోస్ట్ పెద్దగానే ఉంటది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి, తిట్టాలనిపిస్తే ఆ తర్వాత తిట్టండి.

పోయిన ఆదివారం జూలూరుపాడులో జరిగిన మీటింగ్‌కి రాలేకపోయినోళ్ల కోసం ముందు సంగతి చెప్తాం. మనం నడుపుతున్న ఆడియో ప్రోగ్రాంకి ఒక పెద్దమనిషి 30 వేలు ఇస్తానన్నాడు. మంచి మైకు, రికార్డర్, ఒక పాత లాప్‌టాప్ వస్తాయి. ఆయన అడిగింది కూడా ఎక్కువేం కాదు. ప్రతి ఎపిసోడ్ మొదట్లో ఆయన పేరు చెప్పి ధన్యవాదాలు అనాలి, అంతే. మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి గ్రూపు నిండా బొటనవేళ్ల గుర్తులే. మా రూం నుంచి ఒక్కటి కూడా పడలేదు. "మీకేమైందిరా, సప్పుడు లేదు" అని నలుగురైదుగురు విడిగా మెసేజ్ పెట్టారు. అందరికీ ఒకేసారి ఇక్కడ చెప్తున్నాం.

మేమంటే ఒకే హాస్టల్ రూంలో ఉండే ఆరుగురం. ముగ్గురం కోయ, ముగ్గురం లంబాడా. జూలూరుపాడు చుట్టుపక్కల గూడేల నుంచి, తండాల నుంచి వచ్చినోళ్లం. మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఇప్పటిదాకా వచ్చిన నాలుగు ఎపిసోడ్లు మా రూంలోనే, ఫ్యాన్ ఆపేసి, దుప్పటి కప్పుకుని ఒక ఫోన్‌లో రికార్డ్ చేశాం. మూడో ఎపిసోడ్ మధ్యలో దబదబా వినిపించేది పక్క రూమోళ్లు తలుపు కొట్టిన సప్పుడు. చాలామంది అడిగారు కాబట్టి చెప్తున్నాం.

ఆ మూడో ఎపిసోడ్ దగ్గరే మా అభ్యంతరం మొదలైంది. అది తునికాకు మీద చేసింది. కట్టకు 50 ఆకులు. చీకటితో లేచి అడవికి పోయి, ఎండ ముదిరేదాకా కోసుకొచ్చి, ఇంటి కాడ కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం కల్లంలో వరస పేరిస్తే కల్లేదారు వచ్చి లెక్క పెడతాడు. ఆకు చిన్నగా ఉందని, చిల్లులు పడ్డాయని కొన్ని కట్టలు పక్కకు తోస్తాడు. అవి లెక్కలోకి రావు. ఇంటికి తెచ్చుకోనివ్వడు కూడా. ఆ కల్లంలోనే మిగతా వాటితో పాటే ఎండుతాయి. మాలో ఒకడి అమ్మ తన కల్లం కాడ జరిగే ఈ సంగతి తన నోటితోనే, కోయలో సగం తెలుగులో సగం, 11 నిమిషాలు చెప్పింది. మన నాలుగింట్లో ఎక్కువమంది విన్నది అదే.

ఆ పెద్దమనిషికి తునికాకు కాంట్రాక్టు పనుల్లో ఉన్నోళ్లతో ఎంత దగ్గరో ఈ గ్రూపులో తెలియనోళ్లు లేరు. ఆయన ఆ ఎపిసోడ్ తీసేయమని అడగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆయన అడిగే అవసరమే రాదని మా భయం. ఆయన కొనిచ్చిన మైకు ముందు కూర్చున్న రోజు, మన నోటి నుంచే వస్తది: "ఈ సీజన్‌కి వద్దులే, వచ్చే ఏడు చూద్దాం" అని. మాకు మా సంగతి తెలుసు. మేం అంత ధైర్యవంతులం కాదు.

ఇంకోటి కూడా ఉంది. ఆ ఎపిసోడ్ విన్నాక మాలో ఇంకొకడి యాడి ఫోన్ చేసి అడిగింది, "ఇదంతా మీతో ఎవరు చెప్పిస్తున్నారు బేటా?" అని. ఎవరూ లేరు, మేమే అంటే నమ్మలేదు. ఎట్టా నమ్ముతది? ఎలక్షన్లప్పుడు ఆమె తండాకి మైకు పట్టుకొచ్చిన ప్రతి యూట్యూబ్ చానెల్ వెనకాల ఏదో ఒక కండువా ఉంది. ప్యాకేజీ అనే మాట తండాలో ముసలోళ్లకి కూడా తెలుసు. రేపు ఎపిసోడ్ మొదట్లోనే ఆ పేరు వినపడితే యాడి ఇక ప్రశ్న కూడా అడగదు. జవాబు దొరికిందనుకుని ఫోన్ కట్టేస్తది. ఆమె చదువుకోలేదు, ఇట్లాంటి పోస్టులు ఎన్ని రాసినా ఆమెకు చేరవు. ఆడియో మొదలుపెట్టిందే ఆమె కోసం.

మరి డబ్బు ఎక్కడి నుంచి రావాలి?

మా రూంలో ఒకడు ఇంగ్లిష్ పట్టుబడతదని అమెరికా పాడ్‌కాస్టులు వింటుంటాడు. మొదట్లో "వాళ్ల ట్రంప్ గొడవ మనకెందుకురా" అని నవ్వేవాళ్లం. తర్వాత మేం కూడా పక్కన కూర్చుని వినడం మొదలుపెట్టాం. వాటిలో కొన్నిటికి సబ్బుల ప్రకటన లేదు, బీమా ప్రకటన లేదు. ఇద్దరు ముగ్గురు కూర్చుని గంటన్నర సేపు వాళ్ల రాజకీయం, వాళ్ల చరిత్ర, వాళ్ల టీవీ ఏం చూపించి ఏం దాచింది, ఇవే మాట్లాడుకుంటారు. మధ్యలో ఒకచోట ఆగి, నెలకు ఇన్ని డాలర్లు పంపే శ్రోతల వల్లే ఇది నడుస్తుందని చెప్తారు. 2013లో మొదలైన పేట్రియాన్ లాంటి సైట్లు ఈ నెలవారీ చందాలు పోగుచేసి పెడతాయి.

వెతికితే ఈ పద్ధతి పాడ్‌కాస్టుల కంటే చాలా పాతదని తెలిసింది. 1949 ఏప్రిల్ 15న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కేపీఎఫ్‌ఏ అనే రేడియో మొదలైంది. పెట్టినాయన లూయిస్ హిల్, రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టనని చెప్పిన మనిషి. ప్రకటనలు వద్దు, వినేవాళ్లే చందా కట్టి నడుపుకోవాలి అన్నాడు. వినగలిగిన వాళ్లలో నూటికి ఇద్దరు కట్టినా చాలని ఆయన లెక్క. మరుసటి ఏడాదే డబ్బుల్లేక రేడియో మూతపడింది. అప్పుడు విన్నోళ్లే తలా కొంచెం వేసుకుని 1951లో మళ్లీ తెరిపించారు. దాన్ని నడిపే పసిఫికా సంస్థ 1970లో హ్యూస్టన్‌లో ఇంకో స్టేషన్ పెడితే, కు క్లక్స్ క్లాన్ వాళ్లు అదే ఏడాది దాని ట్రాన్స్‌మిటర్‌ని రెండుసార్లు పేల్చేశారు. రెండుసార్లూ మళ్లీ నిలబెట్టుకున్నారు. ఇప్పుడు చాలామంది వినే డెమోక్రసీ నౌ కార్యక్రమం 1996లో ఈ రేడియోల్లోనే పుట్టింది.

"అది అమెరికా, వాళ్ల జేబులు వేరు" అంటారని తెలుసు. మన రాష్ట్రంలోనే చూద్దాం. జహీరాబాద్ దగ్గర మాచునూరులో సంఘం రేడియో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్లు నడిపిన రేడియో. 1998లో యునెస్కో సాయంతో స్టూడియో కట్టుకున్నారు, కానీ లైసెన్స్ రాలేదు. పదేళ్లు ఆగారు. ఆగారంటే ఊరికే కూర్చోలేదు, మాటలు, పాటలు క్యాసెట్లలో రికార్డ్ చేసి సంఘం మీటింగుల్లో పెట్టుకుని విన్నారు. 2008 అక్టోబర్ 15న 90.4 మీద గాలిలోకి వచ్చారు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ, ఇద్దరూ ఆ చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. జొన్నలు, విత్తనాలు, పండుగలు, మందుచెట్లు, అన్నీ వాళ్ల యాసలోనే. దాంట్లో బయటి సంస్థల డబ్బు కూడా ఉంది కాబట్టి మేం చెప్పేదానికి అది పూర్తి ఉదాహరణ కాదు. కానీ ఏం చెప్పాలో అనుకున్నది ఆ ఆడవాళ్లే.

అయితే మనమూ అట్టాంటి రేడియోకే అప్లికేషన్ పెట్టుకోవచ్చు కదా అని మీటింగ్‌లో ఒక అన్న అన్నాడు. అన్నా, ఒక చిక్కుంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా రేడియో లైసెన్స్ ఇవ్వొచ్చని కేంద్రం ఒప్పుకుంది. కానీ ఆ రేడియోలు సొంతంగా వార్తలు, రాజకీయ విషయాలు చెప్పకూడదని అందులోనే షరతు పెట్టింది. అంటే జొన్నల గురించి చెప్పొచ్చు, పోడు గురించి ఎంతవరకు చెప్పొచ్చో ప్రతిసారీ భయపడుతూ కూర్చోవాలి. పాడ్‌కాస్ట్‌కి తరంగం అక్కర్లేదు, ఆ లైసెన్సూ అక్కర్లేదు. అబద్ధం చెప్తే కేసు మాత్రం పడుద్ది, అది గుర్తుంచుకోవాలి.

మనకు ఇంకా దగ్గరి ముచ్చట గోదావరి దాటితే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర. బీబీసీలో పనిచేసి వచ్చిన శుభ్రాంశు చౌధరి పెట్టింది. ఒక నంబర్‌కి మిస్డ్ కాల్ ఇస్తే అదే తిరిగి ఫోన్ చేస్తది. ఒక మీట నొక్కితే మన మాట రికార్డ్ అవుతది, ఇంకో మీట నొక్కితే వేరేవాళ్ల మాట వినొచ్చు. గోండిలో చెప్పుకున్నారు, కూలి డబ్బులు రాలేదని, బోరు పాడైందని, టీచర్ రావట్లేదని. విన్నోళ్లు సంబంధిత ఆఫీసర్‌కి ఫోన్లు చేశారు. ఇంటర్నెట్ లేని డబ్బా ఫోన్‌తో ఇంత జరిగింది. మన గూడేల్లో సగం ఫోన్లు ఇప్పటికీ అవే కదా.

చరిత్ర సంగతి కూడా ఇంతే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగితే ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది. హక్కుల సంఘాలు చెప్పిన లెక్క దానికి ఎన్నో రెట్లు. ఇన్నేళ్లయినా రెండు లెక్కలూ అట్లనే ఉన్నాయి. అప్పుడు ప్రతి గూడెం నుంచి ఒకరు లేచి "మా ఇంట్లో ఫలానా మనిషి తిరిగి రాలేదు" అని చెప్పి, అది రికార్డ్ అయి ఉంటే?

మా సొంత అనుభవం ఒకటి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో నంబర్ 3 కొట్టేసింది. ఏజెన్సీ స్కూళ్లలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన జీవో అది. అప్పుడు లాక్‌డౌన్. మాలో కొందరం టెన్త్ పరీక్షలు మధ్యలో ఆగిపోయి ఇంటి కాడ ఉన్నాం. టీవీలో పొద్దుగూకులు కరోనా లెక్కలే. మన ఉద్యోగాల సంగతి ఇట్టా అయిందని మాకు తెలిసింది ఇంటర్‌కి వచ్చాక, అదీ ఒక సీనియర్ అక్క బస్సులో చెప్తే. మాలో ఇద్దరు చిన్నప్పటి నుంచి టీచర్ కావాలనుకున్నోళ్లే.

ఇప్పుడు మా వాదనలో ఉన్న బొక్క కూడా మేమే చెప్తాం, మీరు వెతికే పని లేకుండా. వినేవాళ్లు డబ్బిస్తే వినేవాళ్లే యజమానులవుతారు. వాళ్లకు నచ్చిందే చెప్పాలనిపిస్తది. అమెరికాలో కూడా చాలా పాడ్‌కాస్టులు ఒక గుంపును సంతోషపెట్టడమే పనిగా పెట్టుకున్నాయి. ఇక్కడ ఇంకా కష్టం. రిజర్వేషన్ గొడవలో కోయ ఒకవైపు, లంబాడా ఒకవైపు అని ఈ గ్రూపులోనే ఎన్నిసార్లు తిట్టుకున్నామో అందరికీ గుర్తుంది. ఒకవైపోళ్లు ఎక్కువ చందా కడితే ప్రోగ్రాం అటే వంగుతది. మా రూంలో కూడా దీని మీద ఒక రాత్రంతా గొడవైంది. పొద్దున టిఫిన్ దాకా ఇద్దరు మాట్లాడుకోలేదు.

అందుకని మేం అనుకున్నది ఇది. మనిషికి నెలకు 10 రూపాయలు. ఉద్యోగం ఉన్న అన్నలైనా సరే 10కి మించి తీసుకోవద్దు. కట్టినోళ్లు, కట్టనోళ్లు అందరూ ఒకటే వింటారు. డబ్బు కట్టినోళ్లకే ప్రత్యేకంగా ఒక ఎపిసోడ్ అని కొన్ని అమెరికావి చేస్తాయి, మనకది వద్దు, యాడికి వినపడనిది ఎందుకు? ప్రతి నెల 1వ తారీఖున లెక్క గ్రూపులో పెట్టాలి, బస్ టికెట్ ఫొటోతో సహా. ఏ ఎపిసోడ్ చేయాలో ఒక కోయ, ఒక లంబాడా, ఇద్దరు కలిసి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఇద్దరి మాటా పెట్టాలి.

గ్రూపులో 412 మందిమి ఉన్నాం. హిల్ లెక్క ప్రకారం నూటికి ఇద్దరంటే ఎనిమిది మంది, 80 రూపాయలు. కొత్తగూడెం పోయి వచ్చే బస్సుకి కూడా చాలవు. కాబట్టి ఆయన లెక్క మన దగ్గర పనికిరాదు, వంద మందైనా కావాలి. వంద మంది కడితే నెలకు వెయ్యి. చొక్కాకి పెట్టుకునే చిన్న మైకులు రెండు మొదటి నెలలోనే వచ్చేస్తాయి. మిగిలింది రీచార్జికి, తిరుగుడుకి. లాప్‌టాప్ లేకపోయినా ఫోన్‌లోనే ఎడిట్ చేస్తున్నాం, ఆలస్యమైతది అంతే. 10 కూడా కష్టమైనోళ్లు ఇంకో రకంగా కట్టొచ్చు. ఎవరన్నా వాళ్ల తాతతో మాట్లాడించి పంపితే, లంబాడీ మాటని తెలుగులో చెప్పిపెడితే, మేం వాళ్ల ఊరు వచ్చిన రోజు ఇంత అన్నం పెడితే, అవన్నీ లెక్కలో రాస్తాం.

మీరు డబ్బు కట్టినప్పుడు మమ్మల్ని అడిగే హక్కు కూడా వస్తది. అది మాకు కావాలి. రెండో ఎపిసోడ్‌లో 2014లో ఏడు మండలాలు ఆంధ్రలో కలిపిన సంగతి చెప్తూ భద్రాచలం పట్టణం కూడా పోయిందని అనేశాం. తప్పు. పట్టణం తెలంగాణలోనే ఉంది, పోయింది దాని చుట్టూ ఉన్న పల్లెలు. విన్న ఇంతమందిలో ఫోన్ చేసి చెప్పింది కూనవరం వైపు నుంచి ఒక్క అక్క. మిగతావాళ్లు "సూపర్ తమ్ముడూ" అని పెట్టారు. ఐదో ఎపిసోడ్ మొదట్లో ఆ తప్పు చెప్పి సరిచేస్తున్నాం.

పెద్దమనిషిని అవమానించాలని ఎవరికీ లేదు. ఆయనకు ఎట్టా చెప్పాలో పెద్దన్నలే చూడండి, మర్యాదగా చెప్పండి. వచ్చే ఆదివారం మీటింగ్‌లో చేతులెత్తించి తేల్చండి. ఎక్కువమంది తీసుకుందామంటే ఆ మైకు మీద వేరేవాళ్లు చేయండి, ఎడిటింగ్ నేర్పిస్తాం. మా ఆరుగురి 60 రూపాయలు మాత్రం గ్రూపు లెక్కలు చూసే అక్కకి ఇచ్చేశాం. ఐదో ఎపిసోడ్ శనివారం రాత్రి రికార్డింగ్, పోడు పట్టా వచ్చినోళ్లు ఇద్దరు, రానోళ్లు ఇద్దరు మాట్లాడతారు. మీ ఊళ్లో చెప్పేవాళ్లు ఉంటే శుక్రవారం లోపు మెసేజ్ పెట్టండి. పక్క రూమోళ్లకి కూడా ముందే చెప్పాం.