కారులో సబ్‌వూఫర్ మీరే బిగిస్తున్నారా? ఆర్టీఓ అడగదు, ఇన్సూరెన్స్ కంపెనీ అడుగుతుంది

ఆండ్రాయిడ్ స్టీరియో, ఆంప్, సబ్‌వూఫర్, వైరింగ్ కిట్... అన్నీ ఆన్‌లైన్లో ఇంటికే వచ్చేస్తున్నాయి. ఎలా బిగించాలో చూపే వీడియోలకూ కొదవ లేదు. షాపులో ఫిట్టింగ్ చార్జీ దండగ అనుకునేవారు ఓ ఆదివారం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే డ్యాష్‌బోర్డు విప్పేస్తున్నారు. మరి దీనికి పర్మిషన్ కావాలా? పోలీసులు ఆపితే చలానా పడుతుందా?

స్టీరియో మార్చడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. చిక్కంతా అక్కడే ఉంది. బిగించేటప్పుడు అడిగే ఆఫీసు ఏదీ లేదు కాబట్టి, సరిగ్గా బిగించారా లేదా అని చూసేవారూ లేరు. ఏదైనా జరిగాక మాత్రం సర్వేయర్, సర్వీస్ సెంటర్, పోలీసులు ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలు వేస్తారు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 వాహనంలో మార్పుల గురించి చెబుతుంది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. ‘మార్పు’ అంటే బండి నిర్మాణంలో, దాని మౌలిక లక్షణం మారిపోయేలా చేసే మార్పు అని అదే సెక్షన్ వివరణ ఇచ్చింది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కచ్చితంగా పాటించాల్సిందేనని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాతే ‘కారులో ఏం మార్చినా నేరమే’ అన్న ప్రచారం మొదలైంది. అది నిజం కాదు. ఆర్సీలో ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, రంగు, ఇంధనం, సీట్ల సంఖ్య, బాడీ రకం లాంటివి ఉంటాయి. పాటల పెట్టె ఊసు ఉండదు.

అయితే పాటల పెట్టె కోసం మిగతావి మార్చారంటే సంగతి వేరు. ఏడు సీట్ల బండిలో వెనక వరస సీటు పీకేసి అక్కడ పెద్ద బాక్సు పెడితే, ఆర్సీలోని సీట్ల సంఖ్యకూ బండికీ పొంతన ఉండదు. వెనక షీట్ మెటల్ కోసి స్పీకర్లు దింపినా ఇంతే. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) కింద ఇలాంటి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ పడొచ్చు. అక్కడికక్కడే వసూలు చేసే కాంపౌండింగ్ మొత్తం రాష్ట్రాన్ని బట్టి వేరుగా ఉంటుంది. డిక్కీలో నాలుగు బోల్టులతో నిలబెట్టిన మామూలు బాక్సుకు ఈ సెక్షన్‌తో భయం లేదు.

ఇన్సూరెన్స్‌లో అసలు లెక్క

కారుతో వచ్చిన కంపెనీ స్టీరియో విలువ ఐడీవీలోనే కలిసి ఉంటుంది. మీరు తర్వాత కొని పెట్టుకున్నది అందులో ఉండదు. దానికి ‘ఎలక్ట్రికల్ యాక్సెసరీస్’ కవర్ విడిగా తీసుకోవాలి. పాలసీ కాగితాల్లో దీన్ని ఐఎంటీ 24 అంటారు. పాత టారిఫ్ ప్రకారం ప్రీమియం వస్తువు విలువలో 4 శాతం. అంటే రూ.30,000 సిస్టమ్‌కు ఏడాదికి రూ.1,200, దానిపై జీఎస్టీ. ఇప్పుడు కంపెనీని బట్టి కొంత అటూఇటూ ఉండొచ్చు. రెన్యువల్ ఫారంలో ఈ గడి ఎప్పుడూ ఉంటుంది. చాలామంది సున్నా వేసి ముందుకెళ్లిపోతారు.

సున్నా వేస్తే, అద్దం పగలగొట్టి స్టీరియో ఎత్తుకెళ్లినా, వరదలో ఆంప్ మునిగినా వాటికి పైసా రాదు. కవర్ ఉన్నా సిస్టమ్ దానంతట అది కాలిపోతే రాదు. ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌ను ఐఎంటీ 24 మినహాయించింది.

ఇంతవరకు పోయేది ముప్పై వేలే. ఆ వైరింగ్ వల్ల కారే తగలబడితే? అగ్నిప్రమాదం ప్యాకేజీ పాలసీలో కవరయ్యేదే. కానీ అదే పాలసీ షరతుల్లో, బండిని కాపాడటానికి యజమాని తగిన జాగ్రత్తలన్నీ తీసుకోవాలని కూడా ఉంటుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ లేకుండా లాగిన వైరు సర్వేయర్ కంటపడితే, ఆ షరతు అక్కడే పనికొస్తుంది. షాపులో చేయించుకుంటే కనీసం ఒక బిల్లు, ఒక పేరు ఉంటాయి. మీరే చేసుకుంటే ఆ రెండూ మీరే. అందుకే సామాన్ల బిల్లులు దాచండి, ఫ్యూజ్ దగ్గరి నుంచి ఆంప్ వరకు వైరు వెళ్లిన దారి ఫొటోలు తీసుకోండి, ఆ విలువ పాలసీలో ఎండార్స్ చేయించండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్‌లోనూ నమోదు చేయొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది.

ఫ్యూజ్ ఎక్కడ పెట్టాలి?

ఇప్పుడు బానెట్ కింద సంగతి. డబ్బా మీద ‘3000 వాట్స్’ అని ఉంటుంది. ఆంప్ పక్కన చూస్తే 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఒక్కటే ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు వోల్టేజీ సుమారు 13.8. రెండూ గుణిస్తే 414 వాట్లు. అది లోపలికి వెళ్లేది, అందులో కొంత వేడిగా పోగా మిగిలేదే బయటికి వచ్చే శబ్దం. కాబట్టి ఆ మూడు వేలను పక్కన పెట్టి, ఆర్ఎంఎస్ ఎంతో చూసి కొనండి.

నిజంగా 500 వాట్ల ఆర్ఎంఎస్ ఇచ్చే క్లాస్ డీ ఆంప్ పూర్తి జోరులో దాదాపు 45 ఆంపియర్లు లాగుతుంది. కారు స్టీరియోకు కంపెనీ ఇచ్చిన ఫ్యూజ్ సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్లే. అందుకే ఆంప్‌కు కరెంటు స్టీరియో వెనక వైరు నుంచి తీసుకోకూడదు. బ్యాటరీ నుంచే విడిగా లాగాలి. లాగిన వైరుకు బ్యాటరీ పక్కనే, అంటే 45 సెంటీమీటర్ల లోపే, ఫ్యూజ్ ఉండాలి. ఆంప్‌కు ఫ్యూజ్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు అని చాలామందికి అనుమానం. ఆంప్‌లోని ఫ్యూజ్ ఆంప్‌ను కాపాడుతుంది. బ్యాటరీ దగ్గరిది వైరును కాపాడుతుంది. ఇంజిన్ గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉన్న రేకు రంధ్రంలో రబ్బరు గ్రామెట్ లేకపోతే, కారు కదలికకు తొడుగు ఒరిసి ఒరిసి ఏడాదికో రెండేళ్లకో రాగి రేకుకు తగులుతుంది. అప్పుడు బ్యాటరీలో ఉన్న శక్తంతా ఆ ఒక్క చోట వేడిగా మారుతుంది. మీ కాళ్ల దగ్గర, కార్పెట్ కింద. ఆంప్‌లోని ఫ్యూజ్‌కు ఆ సంగతే తెలియదు.

ఫ్యూజ్ రేటింగ్ వైరు మోయగలిగిన దాన్ని మించకూడదు. ఎగిరిపోతోందని 40 తీసి 80 పెట్టడం, లేదంటే వెండి కాగితం చుట్టడం ఉన్న ఒక్క రక్షణనూ తీసేయడమే. చవక వైరింగ్ కిట్లలో చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం వైరు ఉంటుంది. దాని వాహకత రాగిలో మూడింట రెండు వంతుల లోపే. గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే అదే. వాడక తప్పకపోతే ఒక సైజు పెద్దది తీసుకోండి. ఎర్త్ వైరును పెయింట్ మీద కాకుండా, గీకి శుభ్రం చేసిన రేకు మీద బిగించాలి.

స్టీరియోకు మాత్రం కారు వైర్లు కోసే అవసరమే లేదు. మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ కొంటే చాలు, పాత సాకెట్‌లో గుచ్చితే అయిపోతుంది. వైర్లు కోసి టేపు చుడితే వారంటీలో ఎలక్ట్రికల్ సమస్యతో వెళ్లినప్పుడు సర్వీస్ సెంటర్ మొదట చూపించేది ఆ టేపునే. ఆ కొద్ది ఖర్చు దగ్గర పీనాసితనం వద్దు.

పసుపు రంగు కప్లర్లు, పసుపు తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగులవి. వాటి జోలికి పోవద్దు. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ముందు పిల్లర్ ప్లాస్టిక్ వెనక నుంచి వైరు అడ్డంగా తీయొద్దు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే ఆ పని అక్కడితో ఆపి, కంపెనీ వాళ్లకు అప్పగించడమే మేలు. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరున్న కారుకు డిక్కీ సబ్‌వూఫరే వద్దని నా అభిప్రాయం. గ్యాస్ లీకయ్యే అవకాశమున్న చోట నలభై ఆంపియర్ల కనెక్షన్ పెట్టుకోవడమెందుకు? సీటు కింద పట్టే చిన్నవి దొరుకుతున్నాయి.

ఇంకొకటి. స్టీరియో వైర్లలో ఒకటి హ్యాండ్‌బ్రేక్‌కు కలపాలి. బండి ఆగి ఉంటేనే వీడియో రావాలన్నది దాని ఉద్దేశం. దాన్ని నేరుగా ఎర్త్‌కు కలిపేసి నడుస్తుండగా సినిమా చూసేలా చేయడం ఫిట్టింగ్ షాపుల్లోనూ మామూలైపోయింది. మీరు చేయకండి.

శబ్దం ఎంతవరకు?

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రులు, స్కూళ్లు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల సైలెన్స్ జోన్‌లో 50, 40. ప్రైవేటు సౌండ్ సిస్టమ్ శబ్దం ఆ ప్రైవేటు స్థలం సరిహద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్ కంటే మించకూడదు. ఇల్లు, ఫంక్షన్ హాలును మనసులో పెట్టుకుని రాసిన మాట ఇది. రోడ్డు మీద తిరిగే కారుకు సరిహద్దు ఎక్కడ? నియమాల్లో దానికి జవాబు లేదు.

అంతకంటే పెద్ద లోపం కొలతలోనే ఉంది. నియమాలు చెప్పేది డీబీ(ఏ) లెక్క. మనిషి చెవి తీరును అనుసరించే ఈ లెక్క తక్కువ పౌనఃపున్యాలను బాగా తగ్గించి చూపుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు 30 డెసిబెల్స్. సబ్‌వూఫర్ పనిచేసేది సరిగ్గా అక్కడే. మూడో అంతస్తులో కిటికీ అద్దాలు గలగలమంటున్నా మీటర్ మీద అంకె మామూలుగానే కనిపించొచ్చు. పక్కింటివాళ్లు గుండెలు అదురుతున్నాయంటే అది అతిశయోక్తి కాదు.

నడిపేవారికీ నష్టమే. వెనక అంబులెన్స్ సైరన్ వినిపించక దారి ఇవ్వకపోతే సెక్షన్ 194ఈ కింద రూ.10,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ పడొచ్చు. పాటల్లో వినపడలేదన్నది సాకుగా నిలవదు.

ఇక మీ వీధిలో ఎవరి కారో రాత్రిళ్లు దడదడలాడిస్తుంటే, పగటి ఫిర్యాదుకు శబ్దం పరిమితిని 10 డెసిబెల్స్ మించాలన్న షరతు ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆ షరతు లేదు. మూసిన హాళ్లు, అత్యవసరాలు మినహా ఆ వేళల్లో సౌండ్ ఆంప్లిఫయర్ వాడటమే నిషేధం కాబట్టి మీటర్ రీడింగ్ చూపాల్సిన పనిలేదు. నియమాల ప్రకారం ఫిర్యాదు తీసుకునే అధికారి జిల్లా మేజిస్ట్రేట్, పోలీస్ కమిషనర్ లేదా డీఎస్పీ స్థాయికి తగ్గని నియమిత అధికారి. అప్పటికప్పుడు ఆపించాలంటే 112కు ఫోన్ చేసి కారు నంబరు, చోటు, సమయం చెప్పండి.