చేట ముందర నొప్పికి ఏ వైద్యం?

ఆయుర్వేదమా, అల్లోపతియా అన్న వాదం మనవాళ్ళ మధ్య ఎప్పుడు మొదలైనా రెండు గడియలు గడవక ముందే మతవాదమై కూర్చుంటుంది. ఇరు పక్షాల పండితులనూ ఒకమారు నిజామాబాదు జిల్లా భీమ్‌గల్‌కు ఆహ్వానించాలని నాకు కోరిక. ఈ ప్రాంతంలో ఎందరో స్త్రీలు ఒడిలో చేట పెట్టుకొని, మెడ వంచి, తునికాకులో తంబాకు నింపి బీడీలు చుడతారు. కూలి వేయి బీడీల లెక్కన ముడుతుంది. మెడ, నడుము, వేళ్ళ కణుపులు నొప్పి పెట్టడం ఈ వృత్తికి తోబుట్టువు.

ఇక్కడ ఇంగ్లీషు మాత్ర ఎందుకు గెలిచిందో తెలుసుకోవడానికి శాస్త్రచర్చ అక్కరలేదు. డైక్లోఫెనాక్ వేసుకున్న మనిషి కాసేపటికే తిరిగి చేట ముందు కూర్చోగలదు. పంచకర్మకు దినాల తరబడి విశ్రాంతి, పథ్యం కావాలి. ఆ దినాల కూలి ఎవరిస్తారు? అయితే ఆ మాత్రనే ఏళ్ళ తరబడి మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు చెడవచ్చు. (పశువులకిచ్చిన ఈ మందే కళేబరాల ద్వారా చేరి, మూత్రపిండాలు పాడై మన రాబందులు నశించాయి, 2006లో పశువైద్యంలో దీనిని నిషేధించారు. మనుషులకు మాత్రం ఇప్పటికీ మందుల దుకాణంలో అడిగినంతనే దొరుకుతుంది.)

ఆయుర్వేదానికి ఋజువే లేదనడం అన్యాయం. పూణె వైద్యుడు అరవింద్ చోప్రా బృందం 2013లో ప్రకటించిన పరిశోధనలో, మోకీళ్ళ అరుగుదల ఉన్న 440 మందిని 24 వారాలు పరిశీలించారు. శొంఠి, తిప్పతీగ మొదలైనవాటితో చేసిన యోగాలు సెలెకాక్సిబ్‌కు దీటుగానే పనిచేశాయి. కొందరిలో కాలేయ పరీక్షాఫలితాలు పెరిగిన సంగతినీ వారే దాచకుండా వ్రాశారు. మూలిక కాబట్టి హాని లేదనేవారు దీనిని గమనించాలి. 2004లో బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే, 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి బయటపడ్డాయి. ఇక పేరూ ఊరూ లేని పొట్లాలలో కట్టి అమ్మే చూర్ణాల సంగతి చెప్పేదేముంది? మొదటి మోతాదుకే నొప్పి మాయమైందంటే అందులో స్టిరాయిడ్ కలిసిందేమోనని శంకించడం వివేకం.

నన్ను కలవరపెట్టేది మరొకటి. ప్రతి కీలునొప్పీ అరుగుదల కాదు. తెల్లవారి లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి, అరగంట దాటినా సడలకుండా, చిన్న కణుపులు వాస్తూ ఉంటే అది రుమటాయిడ్ కావచ్చు. దానికి మెథోట్రెక్సేట్ వంటి మందు ఆదిలోనే అందకపోతే వేళ్ళు వంకరపోతాయి. బీడీ చుట్టే మనిషికి వేళ్ళే ఆస్తి. ఆ మందు వారానికి ఒకమారు వేసుకోవలసినది. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. కనుక వైద్యుని పర్యవేక్షణ, రక్తపరీక్షలు తప్పవు.

విచిత్రమేమంటే, మాధవనిదానం ఆమవాతాన్ని ఏనాడో వేరు వ్యాధిగా వర్ణించింది. ఆ స్థితిలో నూనె మర్దన కూడదనీ, ఇసుక మూటతో పొడి కాపడం పెట్టాలనీ మన వైద్యులే చెబుతారు. నొప్పి కనబడిన చోటల్లా నారాయణ తైలం రాసే మన అలవాటు ఆయుర్వేదానికీ విరుద్ధమే.

అరుగుదలకు, నడుము నొప్పికి ఆయుర్వేదాన్ని ఆశ్రయించండి, నాకు అభ్యంతరం లేదు. వేళ్ళు వాస్తే మాత్రం ముందు రక్తపరీక్ష చేయించాలి. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా రెండవవారిచ్చిన మందుల పొట్లం చేతపట్టుకొని వెళ్ళాలి. గంటకోమారు చేట దించి లేచి నాలుగడుగులు వేయమని ఇద్దరు వైద్యులూ చెబుతారు. వేయి బీడీల లెక్క పూర్తికానిదే లేవడమెలాగో ఇద్దరూ చెప్పరు.