చిన్న కోత కంటే ముందు చిన్న ట్యూబు

మెడికల్ టెక్నాలజీ మీద ప్రాజెక్ట్ అనగానే మనలో చాలామందికి రోబో గుర్తొస్తుంది, లేదంటే ఏఐ. నా ఓటు మాత్రం అప్పుడే పుట్టిన బిడ్డ నోట్లోంచి దింపే ఒక మామూలు ప్లాస్టిక్ ట్యూబుకి. ఎందుకో చెప్తాను.

కొందరు పిల్లలకి పుట్టుకతోనే అన్నవాహిక మధ్యలో తెగి ఉంటుంది. సుమారు 3,000 నుంచి 4,000 కాన్పుల్లో ఒకరికి ఇలా జరుగుతుంది. ఎక్కువమందిలో పై ముక్క సంచిలా మూసుకుపోయి ఉంటుంది, కింది ముక్క వెళ్లి శ్వాసనాళానికి అతుక్కుని ఉంటుంది. తాగిన పాలు పొట్టకి చేరవు, పొంగి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కింది నుంచి పొట్టలోని యాసిడ్ కూడా అటే ఎక్కుతుంది. ఆపరేషన్ చెయ్యకపోతే బిడ్డ దక్కదు.

1941లో అమెరికాలోని మిషిగన్‌లో కామెరాన్ హైట్ అనే సర్జన్ ఒకే ఆపరేషన్‌లో ఆ దారి మూసి, రెండు ముక్కలూ కలిపి బిడ్డని బతికించాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పద్ధతి ఒకటే: పక్కటెముకల మధ్య ఛాతీ తెరవడం. ప్రాణం దక్కేది, కానీ కొందరికి పెరిగేకొద్దీ వెన్ను వంకరపోవడం, వీపు మీద రెక్క ఎముక పొడుచుకురావడం లాంటివి మిగిలేవి. 1999 నుంచి సన్నటి రంధ్రాల్లోంచి, కెమెరా సాయంతో చేసే కీహోల్ పద్ధతి మొదలైంది.

ఇంజినీరింగ్ కళ్లతో చూస్తే ఇది అద్భుతమే. రెండు మూడు కిలోల బిడ్డ, 3 మిల్లీమీటర్ల పనిముట్లు, అగ్గిపెట్టె పట్టేంత చోటు. ఆ చోటు కోసం ఛాతీలోకి కొద్ది ప్రెషర్‌తో కార్బన్ డయాక్సైడ్ పంపి ఊపిరితిత్తిని పక్కకి నొక్కుతారు. ఆ గ్యాస్ రక్తంలోకీ చేరుతుంది కాబట్టి మత్తు డాక్టర్ క్షణక్షణం కనిపెట్టి ఉండాలి. గట్టిగా లాగితే చిరిగే కణజాలాన్ని ఆ ఇరుకులోనే కుట్టి ముడెయ్యాలి.

అయినా "కోత ఎంత చిన్నది" అన్నదొక్కటే కొలతగా పెట్టుకోవడం నాకు నచ్చదు. కుట్టు దగ్గర లీకవడం, తర్వాత అక్కడ సన్నబడటం కీహోల్‌లోనూ ఉన్నాయి. పైగా ఆ ఆపరేషన్‌ని తట్టుకోవాలంటే బిడ్డ ఊపిరితిత్తులు బాగుండాలి. నాలుగుసార్లు పాలు పట్టి, న్యుమోనియా వచ్చాక తెచ్చిన బిడ్డకి ఎంత గొప్ప కెమెరా అయినా అక్కరకు రాకపోవచ్చు.

ఇక్కడే ట్యూబు పని. పుట్టిన బిడ్డ నోట్లోంచి చొంగ నురగలా ఆగకుండా వస్తుంటే, పాలు పట్టకముందే ట్యూబు దింపి చూడాలి. 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతే అనుమానించి ఎక్స్‌రే తీయాలి. పాలు ఆపి, తల ఎత్తుగా ఉంచి, పై సంచిలో చేరే ఉమ్మిని లాగేస్తూ పెద్దాసుపత్రికి పంపాలి. ఆదిలాబాద్‌లో పుట్టిన బిడ్డ హైదరాబాద్ చేరాలంటే సుమారు 300 కిలోమీటర్లు. ఆ దారంతా సక్షన్ ఆగకూడదు.

"ఇందులో ఇన్నొవేషన్ ఏముంది బాస్?" అంటారా? అంబులెన్స్ కుదుపుల్లోనూ నమ్మకంగా, బ్యాటరీ మీద నడిచే చవకైన సక్షన్ పంపు ఒకటి చేసి చూడండి, ఏముందో తెలుస్తుంది. లాగే బలం ఎక్కువైతే లేత కణజాలానికి గాయం, తక్కువైతే ఉమ్మి రాదు. లేదంటే అట్టపెట్టె, ఫోన్ కెమెరాతో కీహోల్ కుట్లు ప్రాక్టీస్ చేసే ట్రైనర్ తయారుచేయండి. అరుదైన సమస్య కదా, కొత్త సర్జన్లకి చెయ్యి తిరిగేన్ని కేసులు దొరకవు.

కీహోల్ వద్దని నేననడం లేదు. రావాలి, జిల్లాల్లో పుట్టే పిల్లలకీ అందాలి. కాకపోతే ముందు ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా బిడ్డ క్షేమంగా చేరాలి. ఈసారి ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో రోబో పక్కన ఒక సక్షన్ పంపు కూడా కనిపిస్తే నేను మొదట దాని దగ్గరికే వెళ్తాను.