తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?

పిల్లలూ!

మీలో ట్రాక్టరు నడపడం వచ్చినవారు ఎంతమంది? బిచ్కుంద చుట్టుపక్కల ఏ బడికైనా వెళ్లి, తొమ్మిది, పది తరగతుల్లో ఈ ప్రశ్న అడిగి చూడండి. కొన్ని చేతులైనా తప్పకుండా లేస్తాయి. కొంచెం గర్వంగానే లేస్తాయి.

అందులో ఆశ్చర్యం ఏమీ లేదు. కామారెడ్డి జిల్లాలో, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు దగ్గరగా, మంజీర నదికి చేరువలో ఉన్న ప్రాంతం ఇది. నల్లరేగడి నేలలు. సోయా, పెసర, మినుము, పత్తి పండుతాయి. నీళ్లున్న చోట వరి, చెరకు వేస్తారు. ఒకప్పుడు ఎద్దులు చేసిన పనులన్నీ ఇప్పుడు ట్రాక్టరు చేస్తోంది. దుక్కి దున్నడం మొదలు పంట ఇంటికి చేరేదాకా అదే దిక్కు. ఇంట్లో ట్రాక్టరున్న పిల్లవాడు సైకిలు నేర్చుకున్నట్టే దాన్నీ నేర్చుకుంటాడు. "మావాడు అప్పుడే గేర్లు వేస్తున్నాడు" అని తండ్రి నలుగురికీ చెప్పుకొని మురిసిపోతాడు.

ఇంతవరకు బాగానే ఉంది. కాని పొలంలో నేర్చిన విద్య గట్టు దగ్గర ఆగదు. ఇవాళ డీజిలు కోసం బంకుకు, రేపు ఎరువు బస్తాల కోసం బజారుకు, ఎల్లుండి ధాన్యంతో కొనుగోలు కేంద్రానికి ప్రయాణం. అలా పద్నాలుగేళ్ల పిల్లవాడు తారురోడ్డు ఎక్కుతాడు. పిట్లం, మద్నూర్ల మీదుగా దెగ్లూరు వైపు పోయే 161వ నంబరు జాతీయ రహదారి కూడా ఈ ప్రాంతానికి ఎంతో దూరంలో లేదు. ఆ దారిలో పగలూ రాత్రీ లారీలు దూసుకుపోతుంటాయి.

అలా వెళ్లిన పిల్లవాడి వల్ల ప్రమాదం జరిగితే తప్పు ఎవరిది? పిల్లవాడిదా? తాళంచెవి ఇచ్చిన పెద్దవారిదా? పెద్దవారిదే అని నా అభిప్రాయం. ఊరికే నమ్మమని అనను. మీరు చదువుకునే భౌతికశాస్త్రంతోనే మొదలుపెడదాం.

పొలానికి పుట్టిన బండి

ట్రాక్టరును జాగ్రత్తగా గమనించండి. వెనుక చక్రాలు పెద్దవి, ముందు చక్రాలు చిన్నవి. నడిపేవాడు ఎత్తులో కూర్చుంటాడు. బురదలో, దుక్కిలో దిగబడకుండా లాగడానికి ఇదంతా అవసరం. కాని ఈ ఏర్పాటువల్ల బండి గరిమనాభి కూడా కారుకన్నా ఎత్తులో ఉంటుంది. గరిమనాభి ఎంత ఎత్తున ఉంటే వస్తువు అంత సులభంగా పక్కకు ఒరుగుతుందని మీకు తెలుసు. కాలువ గట్టు మీద ఒక చక్రం అంచు దాటితే చాలు.

వెనక్కి తిరగబడటం ఇంకా భయంకరం. వెనుక చక్రాలు గుంతలో ఇరుక్కున్నాయనుకోండి. నడిపేవాడు క్లచ్చి ఒక్కసారిగా వదిలి ఇంజనుకు వేగం ఇస్తాడు. ఇంజను భ్రామకం చక్రాలను తిప్పాలి. చక్రాలు కదలవు. అప్పుడు అదే భ్రామకం బండినే ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. ఇక వెనక్కి రాని స్థితికి చేరడానికి దాదాపు ముప్పావు సెకను చాలునని ఇంజనీర్లు లెక్కకట్టారు. ప్రమాదాన్ని చూసి కాలు కదపడానికి మనిషికి ఒక సెకను దాకా పడుతుంది. అంటే ఎంత చురుకైనవాడికైనా అక్కడ చురుకుదనం పనికిరాదు. అందుకే స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లన్నిటికీ నడిపేవాణ్ణి కాపాడే ఉక్కుచట్రం ఉండాలని నిర్బంధించింది. తరువాత ఆ దేశంలో ఇలాంటి మరణాలు బాగా తగ్గిపోయాయి. మన ఊళ్లలో తిరిగే ట్రాక్టర్లలో చాలావాటికి ఇప్పటికీ ఆ చట్రం లేదు.

ఇంకొక విశేషం. ట్రాక్టరుకు కుడి వెనుక చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి, ఇలా రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి. చేను చివర ఇరుకులో తిప్పుకోవడానికి ఒక్కదాన్నే తొక్కుతారు. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపి గొళ్లెం వేయాలి. పొలం పని ముగించి హడావిడిగా బయలుదేరిన పిల్లవాడు అది మరిచిపోతే? ముప్పై కిలోమీటర్ల వేగంలో ఒక్క పెడలు తొక్కితే బండి ఆగదు, ఒక పక్కకు గిరుక్కున తిరుగుతుంది.

ఒక చిన్న లెక్క

కాగితం, కలం తీసుకోండి. ట్రాక్టరు ద్రవ్యరాశి 2 టన్నులు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 8.3 మీటర్ల వేగంతో పోతోంది. బ్రేకు వేస్తే రుణత్వరణం 5 మీ/సె² అనుకుందాం. ఆగేలోపు ప్రయాణించే దూరం వేగవర్గాన్ని రుణత్వరణానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది: సుమారు 7 మీటర్లు. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు తొక్కడానికి పట్టే సెకనులో పోయిన 8 మీటర్లు కలపండి. మొత్తం 15 మీటర్లు.

ఇప్పుడు వెనుక 4 టన్నుల బరువుతో ట్రాలీ తగిలించండి. మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. బ్రేకు బలం పాతదే, 10,000 న్యూటన్లు. ఆపవలసిన ద్రవ్యరాశి మాత్రం 6 టన్నులు. న్యూటన్ రెండో సూత్రం ప్రకారం రుణత్వరణం మూడో వంతుకు పడిపోతుంది. బ్రేకు వేశాక పోయే దూరం దాదాపు 21 మీటర్లు. మొదటి సెకనులో పోయిన 8 మీటర్లు కలిపితే 29 మీటర్లు! ఇది ఉజ్జాయింపు లెక్కే. రోడ్డు తడిసినా, దిగుడుగా ఉన్నా దూరం ఇంకా పెరుగుతుంది. పైగా ఆగనంటున్న ట్రాలీ జడత్వంతో ట్రాక్టరును వెనుకనుంచి నెడుతుంది. మలుపులో అయితే ఒరగదోస్తుంది.

ట్రాలీలో బస్తాలే ఉండవు, మనుషులూ ఉంటారు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో పోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది పొలం పనికి బయలుదేరిన ఆడవాళ్లు. నాట్ల రోజుల్లో మీ అమ్మ, మీ అత్త, మీ పక్కింటి పెద్దమ్మ ఎక్కేది అలాంటి ట్రాలీయే. ఇంతమంది ప్రాణాలు పట్టుకొని నడిపే పని పదో తరగతి పిల్లవాడికి అప్పగించవచ్చునా?

"మావాడికి బాగా వచ్చు"

పెద్దవాళ్లు తరచుగా చెప్పే మాట ఇది. నిజమే కావచ్చు. గేర్లు వేయడం, వెనక్కి తిప్పడం మీకు పెద్దవాళ్లకన్నా తొందరగా పట్టుబడుతుంది. కాని నడపడం వేరు, రోడ్డు మీద నిర్ణయం తీసుకోవడం వేరు. ముందుచూపుకు, తొందరపాటును అదుపు చేయడానికి తోడ్పడే మెదడు ముందుభాగం ఇరవై ఏళ్లు దాటాకా ఎదుగుతూనే ఉంటుంది. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. వేర్వేరు వయసులవారి చేత కంప్యూటరు మీద కారు నడిపే ఆట ఆడించారు. కొందరి చేత ఒంటరిగా, మరికొందరి చేత స్నేహితులు చూస్తుండగా. స్నేహితులు పక్కనుంటే కౌమార వయసువారు మరింత సాహసం చేశారు. పెద్దవారిలో ఆ తేడా అంతగా కనబడలేదు. ఇది మీ తప్పు కాదు, మీ వయసు గుణం. మీ ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఇద్దరు స్నేహితులు కూర్చుంటే ఏమవుతుందో మీకే తెలుసు!

అదే మడ్‌గార్డు మీద కూర్చొని కొందరు తండ్రులు కొడుకులకు నేర్పుతుంటారు. ట్రాక్టరుకు ఉండేది ఒకే సీటు. నేర్పేవాడికి అందులో చోటే లేదు. ఒక్క కుదుపుకు తండ్రే పెద్ద చక్రం కింద పడవచ్చు.

చట్టం ఏమంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు బహిరంగ స్థలంలో మోటారు వాహనం నడపరాదు. 16 ఏళ్లు నిండినవారికి 50 సీసీకి మించని మోటారు సైకిలు ఒక్కటే మినహాయింపు, దానికీ లైసెన్సు కావాలి. ఇళ్లముందు కనిపించే 100 సీసీ, 125 సీసీ పెట్రోలు బళ్లు దానికిందకు రావు. ట్రాక్టరు అసలే రాదు. బహిరంగ స్థలం అంటే తారురోడ్డే కాదు, నలుగురికీ నడిచే హక్కున్న బండ్లబాట కూడా.

2019లో ఈ చట్టానికి 199ఎ అనే కొత్త సెక్షను చేర్చారు. పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే, తల్లిదండ్రులు లేక సంరక్షకులు, బండి యజమాని దోషులవుతారు. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. డ్రైవరు ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్నవాడికి అది ఎంత నష్టమో ఆలోచించండి. తమకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామనో పెద్దవారు రుజువు చేసుకుంటే తప్పించుకోవచ్చు. కాని రుజువు చేసే భారం వారిదే.

"నాకు చెప్పకుండా తీసుకుపోయాడండీ" అంటే? 2011లో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి వాదనే వచ్చింది. ఇంటికి వచ్చిన కుర్రవాడు చెప్పకుండా తాళంచెవి తీసుకొని మోటారుసైకిలు నడిపాడని యజమాని అన్నాడు. తన బండి దుర్వినియోగం కాకుండా చూసుకోవలసిన బాధ్యత యజమానిదేనని కోర్టు చెప్పింది. నష్టపరిహారం భారం చివరకు అతని మీదే పడింది.

ఇది న్యాయమేనా? నా ఉద్దేశంలో న్యాయమే. బండిని కొన్నది పెద్దవారు. దాని బ్రేకుల సంగతి, ట్రాలీ బరువు సంగతి, రోడ్డు సంగతి తెలిసినది పెద్దవారికి. వద్దు అనగల అధికారమూ వారిదే. "పోయి డీజిలు పట్టుకురా" అని తండ్రి చెబితే కాదనగల పిల్లలు ఎంతమంది? అధికారం ఎవరి దగ్గర ఉందో బాధ్యతా అక్కడే ఉండాలి.

పేదరైతు మాటేమిటి?

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. కోతల రోజుల్లో డ్రైవరు దొరకడు. దొరికినా కూలి ఎక్కువ. వాన ముంచుకొస్తుంటే కల్లంలో ధాన్యం తడుస్తుంది. అప్పుడు ఇంట్లో ఉన్న కొడుకే దిక్కు. ఇది నిజమైన కష్టమే, దీన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. చిన్న రైతుకు 25 వేలంటే మాటలు కాదు.

కాని ఆ కష్టానికి మందు పిల్లవాడి చేతికి స్టీరింగు ఇవ్వడం కాదు. నాలుగు కుటుంబాలు కలిసి లైసెన్సున్న ఒక డ్రైవరును సీజనుకు కుదుర్చుకోవచ్చు. ట్రాలీకి బ్రేకులు, వెనుక ఎర్రటి రిఫ్లెక్టర్లు బిగించుకోవచ్చు. ఇంట్లో పద్దెనిమిది నిండిన అక్కకో అన్నకో పద్ధతిగా నేర్పించి లైసెన్సు తీయించవచ్చు. ధాన్యం తడిస్తే ఆరబెట్టుకుంటాం, నష్టానికైనా అమ్ముకుంటాం. మనిషి పోతే ఏం చేస్తాం?

ఇక మీ వంతు. బాధ్యత పెద్దవారిదన్నానని మీరు చేతులు దులుపుకోకండి. మీకు లెక్క తెలుసు, వారికి అనుభవం తెలుసు. రెండూ కలవాలి. మీ బడి మైదానంలో టేపు పట్టి 29 మీటర్లు కొలవండి. ఒక చివర ఒక స్నేహితుణ్ణి నిలబెట్టి, రెండో చివర నుంచి చూడండి. బరువున్న ట్రాలీ ఆగడానికి అంత దూరం కావాలి. రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి నాన్నకు చెప్పండి. మన ట్రాలీకి బ్రేకులున్నాయా అని అడగండి. తాళంచెవి మీ చేతికి ఇవ్వబోతే, "పద్దెనిమిది నిండాక తీసుకుంటాను నాన్నా" అనండి. అలా అనడానికి ట్రాక్టరు నడపడానికన్నా ఎక్కువ ధైర్యం కావాలి. ఆ ధైర్యం మీలో ఉందని నా నమ్మకం.