పలకలు మోసిన బండ్లు

ఒకప్పుడు తెలుగునాట పిల్లలు అక్షరములు దిద్దుటకు రాతిపలకలనే వాడుచుండిరి. మార్కాపురపు పలకలు ఇందులకు ప్రసిద్ధములు. పలక చేజారినచో ఏమగునో బడికి పోయిన ప్రతివారును ఎరుగుదురు. అట్టి పెళుసు రాతిని కొండనుండి ఓడరేవునకు పగులకుండ చేర్చుట యెట్లు? పలకరాతికి పేరుపొందిన వేల్సు దేశస్థులు ఈ చిక్కును చిన్న రైలుబండ్లతో విప్పిరి.

అచ్చట 1836లో ఫెస్టినియోగ్ రైలుమార్గము తెరవబడెను. పట్టాల నడుమ వెడల్పు రెండడుగులకు మించదు. గనులనుండి రేవువరకు దారి పల్లముగా నుండుటచే పలకలు నింపిన బండ్లు తమ బరువుచేతనే దిగివచ్చుచుండెను. బ్రేకులు వేయు మనుష్యులు వానిపై కూర్చుండెడివారు. చిత్రమేమనగా, గుఱ్ఱములు కూడ ఒక పెట్టెలో నిలిచి, మేత మేయుచు దిగివచ్చెడివి! ఖాళీబండ్లను కొండపైకి లాగుట మాత్రము వాని వంతు. 1863లో ఆవిరి యింజనులు వచ్చి ఆ బరువును తప్పించినవి. 1946లో మూతపడిన ఆ మార్గమును స్వచ్ఛంద సేవకులు 1955లో మరల నడిపిరి. ప్రత్యేక దినములందు నేటికిని పాత పలకబండ్లను ఇంజను లేకయే కొండ దింపుచుందురు.

రైలు ప్రదర్శనశాలలలో అగ్రపీఠము ఇంజనుదే. చూపరులందరు దాని చెంతనే గుమిగూడుదురు. కాని బరువు మోసినది బండి. పలకబండి ప్రక్కలకు నిండు గోడలు లేవు, కమ్మీలు మాత్రమే కలవు. పలకలను పడుకోబెట్టక అంచుపై నిలిపి, ఒకదానికొకటి ఆన్చి పేర్చుటచే అవి కదలవు, పగులవు. ఈ నేర్పును ఇంజను చెప్పజాలదు.

తెలుగునాట ఇట్టి బండి బొగ్గుటబ్బు. 1889లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు త్రవ్వకము ఆరంభమైనది. సింగరేణి భూగర్భ గనులలో కార్మికులు తట్టతోను, చెమ్మసు అను పారతోను బొగ్గునెత్తి టబ్బులు నింపిరి. సన్నని పట్టాలపై నిలిచిన ఆ టబ్బులను ఉక్కుమోకు పైకి లాగెడిది. యంత్రములు వచ్చినకొలది ఈ పని తగ్గిపోయినది. వాడుక తీరిన టబ్బునకు తుక్కు యినుము ధర తప్ప వేరు విలువ లేదనుట అవివేకము.

టబ్బునకు రంగు పూసి, మట్టి నింపి, పూలమొక్కలు నాటినంత మాత్రమున దానిని కాపాడినట్లు కాదు. అది పూలకుండి యగును, అంతే. కొన్ని గజముల పట్టాలు, మోకు, కొక్కెము, తట్ట, చెమ్మసు దానితో కూడ నుండవలెను. కష్టముతో నిండిన ఆ బ్రతుకును ప్రదర్శనకు పెట్టనేల యని కొందరందురు. వేల్సు గనులలోను కష్టము తక్కువ కాదు. రాతిధూళి ఊపిరితిత్తులను తినివేసెను. పెన్రిన్ గనిలో కార్మిక వివాదము 1900 నుండి 1903 వరకు సాగెను. అచ్చటివారు బండ్లతోపాటు ఆ చరిత్రను కూడ దాచుకొనిరి. 2021లో యునెస్కో ఆ పలకగనుల ప్రాంతమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

కదలు మోకునకు టబ్బును తగిలించుట, పట్టాలు తప్పిన దానిని భుజబలముతో మరల ఎక్కించుట పుస్తకములలో దొరకు విద్యలు కావు. అవి తెలిసిన విశ్రాంత కార్మికులు కొత్తగూడెము, ఇల్లెందు, బెల్లంపల్లి ప్రాంతములందు నేటికిని కలరు.