ఇంజను దీపం, ఆదేశ సంధి



జీవితమంతా తెలుగు వ్యాకరణం చెప్పుకొన్నవాడికి కారు ఇంజనుతో పని ఏమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. పని ఉన్నది. మా మార్కాపురం, గిద్దలూరు వైపు కొందరు కుర్రవాళ్ళలో ఒక అలవాటు చూస్తున్నాను. పాత కారు కొనగానే కంపెనీవారు అమర్చిన గాలి పెట్టెను ఊడదీయించి, ఆ స్థానంలో మెరిసే వెడల్పాటి గొట్టమూ, శంకువు ఆకారపు ఫిల్టరూ బిగించుకొంటారు. ఇంజను బాగా ఊపిరి పీల్చుకొంటుందనీ, బలం పెరుగుతుందనీ వారి నమ్మకం. నాలుగు రోజులకు డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మతో పసుపు దీపం వెలుగుతుంది. గొట్టం బిగించినవారే స్కానరు తగిలించి ఆ దీపాన్ని ఆర్పి పంపిస్తారు. అది వైద్యం కాదు, రోగి నోరు మూయడం. ఈ టపా వ్రాయడానికి కారణం అదే.

సంధి పాఠం మరచిపోనివారికి ఆగమం, ఆదేశం అనే రెండు మాటలు గుర్తుండే ఉంటాయి. ఆగమం మిత్రునివలె వచ్చి పక్కన చేరుతుంది, ఎవరినీ కదల్చదు. 'మా అమ్మ' అనేది 'మాయమ్మ' అయినప్పుడు యకారం అట్లా వచ్చినదే. ఆదేశం శత్రువువలె వచ్చి, ఉన్నదానిని తోసివేసి ఆ చోట తాను కూర్చుంటుంది. 'వాడు కొట్టె' అనేది 'వాడుగొట్టె' అయినప్పుడు కకారాన్ని గెంటివేసి గకారం కూర్చున్నది. కారులో అద్దానికి వ్రేలాడదీసిన బొమ్మ ఆగమం. సీటుకు తొడిగిన గుడ్డ ఆగమం. ఈ గాలి గొట్టం మాత్రం ఆదేశం. మనవాళ్ళు దానిని ఆగమమనుకొని కొంటున్నారు. చిక్కంతా అక్కడే ఉన్నది. ఒకదానిని తోసివేసి దాని చోట కూర్చున్నది, అది చేస్తూ వచ్చిన పనులన్నీ తానూ చేయవలసి ఉంటుంది.

ఆ నల్లని ప్లాస్టిక్ పెట్టె చేసే పనులు ఏమిటి? దుమ్మును ఆపుతుంది. ఇంజను వేడికి దూరంగా, ముందు భాగం నుండి చల్లని గాలిని తెస్తుంది. చప్పుడును అణచుతుంది. ఇవి కంటికి కనిపించేవి. కనిపించని నాలుగవ పని అన్నిటికంటే ముఖ్యమైనది. చాలా ఇంజన్లలో, లోపలికి వెళ్ళే గాలిని తూచే 'మాస్ ఎయిర్ ఫ్లో' సెన్సారు ఆ పెట్టెను ఆనుకొనే ఉంటుంది. దానిలో సన్నని వేడి తీగ వంటిది ఒకటి ఉంటుంది. గాలి దానిని చల్లబరుస్తుంది. వేడి తగ్గకుండా నిలపడానికి ఎంత విద్యుత్తు కావలసి వచ్చిందో చూసి, ఎంత గాలి వెళ్ళిందో ఇంజను కంప్యూటరు లెక్క కడుతుంది. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ పాళ్ళు కుదరడానికి ఆ తీగ చెప్పే లెక్కే మూలం.

మా కంభం చెరువును తలచుకొంటే ఇది సులువుగా అర్థమవుతుంది. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన చెరువు అది. తూము దగ్గర నీరటికాడు కూర్చుని నీటి లెక్క చూస్తున్నాడనుకోండి. తూము దాటిన తరువాత కాలువకు ఎక్కడి నుండో పక్కనీరు వచ్చి కలిస్తే, అతని లెక్కకూ పొలానికి చేరిన నీటికీ పొంతన ఉండదు. అతనికి చెప్పకుండా తూమునే వెడల్పు చేసినా అంతే. గాలి గొట్టం మార్చినప్పుడు జరిగేవి సరిగా ఈ రెండే. సెన్సారు దాటిన తరువాత ఎక్కడో క్లాంపు వదులై, లెక్కకు రాని గాలి దూరడం ఒకటి. సెన్సారు కూర్చున్న గొట్టం వెడల్పు మారడం రెండవది.

రెండవదానిని చిన్న లెక్కతో చూడండి. 60 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం బదులు 66 మిల్లీమీటర్లది పెట్టారనుకొందాం. వ్యాసం పెరిగింది పదోవంతే. వైశాల్యం మాత్రం 21 శాతం పెరిగింది. అంతే గాలి వెళ్తున్నా తీగ దగ్గర దాని వేగం తగ్గుతుంది. వచ్చిన నూరు పాళ్ళ గాలి కంప్యూటరుకు సుమారు 83 పాళ్ళుగా కనిపిస్తుంది. దానికి తగినంతే పెట్రోలు పోస్తుంది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు, 'ఇక్కడ గాలి మిగిలిపోతున్నది' అని కబురు పంపుతుంది. కంప్యూటరు పెట్రోలు పెంచుతూ సర్దుకొంటుంది. ఆ సర్దుబాటు ఒక హద్దు దాటినప్పుడు ఇక తన వల్ల కాదని దీపం వెలిగిస్తుంది.

గిద్దలూరులో అద్దె కారు నడుపుకొనే నా పూర్వ విద్యార్థి ఒకడు ఇట్లాంటి దీపంతోనే నా దగ్గరకు వచ్చాడు. రోగులను నంద్యాలకో, కర్నూలుకో, ఒంగోలుకో చేర్చడం అతని బ్రతుకుతెరువు. ఒక పట్నంలో కొత్త గొట్టం వేయించుకొన్నాడు. రెండుసార్లు దీపం ఆర్పించుకొన్నాడు. మూడవసారి ఆక్సిజన్ సెన్సారు మార్చాలన్నారట. సెన్సారు ఖరీదు విని, స్కానరు చూపిన ఇంగ్లీషు ముక్కను కాగితం మీద వ్రాసుకొని, అర్థం చెప్పించుకోవడానికి వచ్చాడు. పీ0171, 'సిస్టం టూ లీన్, బ్యాంక్ 1' అని ఉన్నది.

"అయ్యవారూ, లీన్ అంటే బక్కచిక్కడం గదా? నా ఇంజను బక్కచిక్కిందంటున్నారు" అన్నాడు.

"బక్కచిక్కింది ఇంజను కాదు నాయనా, మిశ్రమం. గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదని దాని అర్థం. ఆ మాట చెప్పిన సాక్షి ఆక్సిజన్ సెన్సారు. సాక్షిని మారిస్తే నేరం మాసిపోతుందా?" అన్నాను.

మార్కాపురంలో నేనెరిగిన పెద్ద మెకానిక్కు దగ్గరకు ఇద్దరమూ వెళ్ళాము. ఆయన చేసిన పని ఒక పాఠంలాగా ఉన్నది. మొదట దేనినీ చెరపలేదు. కోడునూ, అది పడిన క్షణంలో కంప్యూటరు దాచుకొన్న వేగం, వేడి మొదలైన అంకెలనూ వ్రాసుకొన్నాడు. తరువాత పెట్రోలు సర్దుబాటు అంకెలను బండి నిలబడి తిరుగుతున్నప్పుడూ, ఇంజను వేగం పెంచినప్పుడూ విడివిడిగా చూశాడు. నిలబడినప్పుడు ఎక్కువగా ఉండి వేగంతో తగ్గితే, ఎక్కడో గాలి దూరుతున్నట్లు. వేగంలోనూ తగ్గకపోతే, తూచే తీగ లెక్కే తప్పుతున్నట్లు. అతని కారులో రెండూ ఉన్నాయి. ఇంజను నుండి కొత్త గొట్టానికి వచ్చే చిన్న రబ్బరు పైపు మొదట్లో చీలి ఉన్నది. దానిని మార్చగానే నిలకడ మీది అంకె దిగింది. రోడ్డు మీది అంకె దిగలేదు. అప్పుడు అటక మీద పడవేసిన పాత పెట్టెను తెప్పించి బిగించాడు. ఆ అంకె కూడా దిగింది. మరి కొన్ని ప్రయాణాలకు దీపం తనంతట తానే ఆరిపోయింది. తప్పు లేకుండా వరుసగా మూడు ప్రయాణాలు పరీక్షలో నెగ్గితే దీపం ఆరేటట్లు దానిని రూపొందించారు. తెలిసి కొత్త సెన్సారు కొనిపించి ఉంటే ఆ కుటుంబానికి ఎన్ని రోజుల కూడు పోయేదో!

ఈ క్రమం ఎవరికైనా పనికివస్తుంది. దీపం నిలకడగా వెలుగుతుంటే తొందరలో చూపించుకోవాలి. మిణుకుమిణుకుమంటే వెంటనే బండి ఆపాలి. మండని పెట్రోలు పొగ గొట్టంలోకి పోయి, అక్కడి కెటలిటిక్ కన్వర్టరును కాల్చివేస్తున్నదని ఆ మిణుకు అర్థం. తరువాత కోడు. పీ0102, పీ0113 వంటివి కనబడితే, గొట్టం మార్చిన చేతులు సెన్సారు ప్లగ్గును మళ్ళీ సరిగా తగిలించలేదేమో చూడాలి. పీ0101, పీ0171 అయితే క్లాంపులు, రబ్బరు పైపులు, సెన్సారు మీది బాణం గాలి పోయే దిక్కుకే ఉన్నదా అన్నది చూడాలి. నూనె పట్టించే గుడ్డ ఫిల్టరు వాడితే, ఆ నూనె తీగకు అంటిందేమో చూడాలి. ఆ తీగను గుడ్డతో తుడవరాదు, వ్రేలితో తాకరాదు. దానికోసమే అమ్మే స్ప్రేతో కడిగి ఆరనివ్వాలి. ఏదీ తేలకపోతే పాత పెట్టెను బిగించి చూడడమే చివరి తీర్పు. కనుక పాత పెట్టెను ఎవరూ పారవేయకండి.

అన్ని కార్లకూ ఒకే సూత్రం వర్తించదు. మన చిన్న పెట్రోలు కార్లు చాలావాటిలో ఈ వేడి తీగ ఉండదు. మ్యానిఫోల్డులోని పీడనాన్ని కొలిచే 'మ్యాప్' సెన్సారు ఉంటుంది. అక్కడ గొట్టం వెడల్పు ఇంత గొడవ చేయదు. డీజిలు బండ్లలో తీగ ఉన్నా దాని ముఖ్యమైన పని వేరు, పొగను అదుపులో ఉంచడం. సూత్రానికి అపవాదాలు తెలియనివాడు వ్యాకరణంలోనూ, షెడ్డులోనూ ఒకేవిధంగా చెడగొడతాడు.

బడిలో లెక్క తప్పు వచ్చిందని పలక తుడిచి చూపించే పిల్లవాడిని మనమెవరమూ మెచ్చుకోలేదు. మార్కాపురం పలకల మీద దిద్దించినవాడిని కనుక చెబుతున్నాను. స్కానరుతో చెరపడమూ, బ్యాటరీ తీగ పీకి తగిలించడమూ ఆ తుడుపే. దానితో కోడు పోతుంది, సాక్ష్యపు అంకెలు పోతాయి, కంప్యూటరు నేర్చుకొన్న సర్దుబాట్లూ పోతాయి. తప్పు మాత్రం ఉంటుంది. ఇక దీపాన్ని పట్టించుకోకుండా తిరిగేవారి సంగతి. ఎప్పుడూ వెలుగుతూ ఉండే దీపం కొత్త కబురు ఏదీ చెప్పలేదు. రేపు మరొక నిజమైన లోపం వచ్చినా అదే దీపం, అదే వెలుగు. గిద్దలూరు నుండి నంద్యాలకు నల్లమల ఘాటు రోడ్డులో, అర్ధరాత్రి, వెనుక సీటులో రోగితో ఎక్కుతున్నప్పుడు ఆ సంగతి తెలిస్తే ఏమి లాభం?

బలం మాటకు వద్దాము. శంకువు ఫిల్టరు ఇంజను పక్కనే తెరచుకొని ఉంటే అది పీల్చేది వేడిగాలి. గాలి పది డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు మూడు శాతం తగ్గుతుంది. మా పడమటి ఎండల్లో, మూసిన బానెట్టు క్రింద ఆ వేడి ఎంత ఉంటుందో వేరే చెప్పాలా? పెరిగేది చప్పుడు, బలం కాదు. పైగా ఇది పలకరాతి గనుల సీమ. ఆ రాతి దుమ్ములో గాజును గీయగల స్ఫటికపు రజను ఉంటుంది. నాసిరకం ఫిల్టరు దానిని లోనికి వదిలితే సిలిండరు గోడలే అరుగుతాయి. దానికి దీపం కూడా ముందుగా వెలగదు.

మనదేశంలో కార్లకు ఈ స్వీయ పరీక్షా వ్యవస్థ 2010 ఏప్రిల్‌లో బి.ఎస్.4తో మొదటి దశగా, 2013 ఏప్రిల్‌లో రెండవ దశగా వచ్చింది. 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్.6తో మరింత కట్టుదిట్టమైంది. తయారీదారు నిర్దేశించిన మూల లక్షణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరిస్తూ 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇవన్నీ గొట్టం అమ్మేవారికి తెలియనివి కావు. కొనేవారికి చెప్పడం లేదు, అంతే.

కొత్తది బిగించుకోవద్దని నేననను. ఆదేశాలు లేకపోతే భాషే సాగదు. కాని ఆదేశానికి నియమం ఉన్నది. ఏ అక్షరం పోయింది, దాని చోట ఏది వచ్చింది, అర్థం నిలిచిందా అని అడగకుండా ఏ పండితుడూ సంధి చేయడు. గొట్టం బిగించే దుకాణంలోనూ ఆ ప్రశ్నలే అడగండి. సెన్సారు కూర్చునే చోట వెడల్పు పాతదేనా? పాత పెట్టె నాకు తిరిగి ఇస్తారా? దీపం వెలిగితే, చెరపకముందు కోడు వ్రాసి ఇస్తారా? మూడింటికీ సూటిగా జవాబు చెప్పలేని చోట, బండి తాళం చేతికి ఇవ్వకుండా వెనుదిరగండి.